టైపక్కకు అర్థాలు వచ్చాక

కాలేజీ వెనక సందులో ఉన్న ఆ టైపింగు షాపులో ఆవిడని అందరూ టైపక్క అనే పిలిచేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరో రాసిన థీసిస్‌లు ఆవిడ చేతుల మీదుగానే కంప్యూటర్లోకి ఎక్కాయి. కోడి గెలికినట్టుండే రాతనైనా సరే, రోజుకి నలభై పేజీలు అవలీలగా కొట్టేది. ఒక్క తప్పు దొర్లేది కాదు. ఆ వేగం ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే షాపు యజమాని నవ్వుతూ చెప్పేవాడు: "ఆవిడకి అర్థం కాదు కదండీ, అందుకే ఎక్కడా ఆగదు." ఆ మాట ఆవిడ ముందే అనేవాడు. అది మెచ్చుకోలే అనుకుని ఆవిడా నవ్వేసేది. మెచ్చుకోవడంలో కూడా కొందరు ఎంత మొరటుగా ఉంటారో చూడండి.

ఈ ఏడు కూతురు అదే కాలేజీలో చేరింది. మొదటి నెలలోనే పిల్ల చేతికి ఒక జాబితా ఇచ్చారు. పెద్ద చదువుల పుస్తకాల్లో వచ్చే ఇంగ్లీషు మాటలు, ఐదు వందల పైచిలుకు. పిల్ల వంటింట్లో పీట మీద కూర్చుని వల్లె వేస్తుంటే, తల్లి కూరగాయలు తరుగుతూ ఒక్కో మాటకీ స్పెల్లింగు టకటకా అప్పజెప్పేసింది. పిల్ల నోరెళ్ళబెట్టింది.

"అమ్మా, ఇవన్నీ నీకొచ్చా?"

"ఒక్కోటీ వేలసార్లు కొట్టుంటాను."

"అయితే హైపోతిసిస్ అంటే ఏంటో చెప్పు."

తల్లి చేతిలో కత్తి ఆగింది. "ప్రతి థీసిస్‌లోనూ మూడో అధ్యాయంలో వస్తుంది," అంది చివరికి.

పిల్ల పడీ పడీ నవ్వి, తల్లి మొహం చూసి నాలుక కరుచుకుంది. ఒప్పందం అక్కడే కుదిరింది. తల్లి స్పెల్లింగులు నేర్పాలి, కూతురు అర్థాలు చెప్పాలి. రోజుకి ఐదు మాటలు.

"హైపోతిసిస్ అంటే, నాన్న ఇవాళ ఆలస్యంగా వస్తాడని ముందే అనుకుంటావే, అదన్నమాట. వచ్చాక గడియారం చూసి నిజమో కాదో తేల్చుకోవాలి."

"మీ నాన్న సంగతిలో తేల్చుకోవడానికేం లేదు," అంది తల్లి.

సిగ్నిఫికెంట్ అంటే ఏదో కొద్దిగా అని కాదు, పట్టించుకుని తీరాల్సినంత అని చెప్పింది కూతురు. ఆ మాట ఆవిడకి తెగ నచ్చేసింది. మర్నాడు కూరలో ఉప్పెక్కువైందని మొగుడంటే, "సిగ్నిఫికెంటుగానా, ఊరికే కొద్దిగానా?" అని అడిగింది.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. ఇన్నాళ్ళూ ఉత్త అక్షరాలుగా కనబడిన కాగితాలు ఏదో చెప్పడం మొదలుపెట్టాయి. థీసిస్ రాసినాయన అనుకున్నది నిజమైందా లేదా అని, కొట్టడం ఆపి తర్వాతి పేజీలు తిరగేసేది. నలభై పేజీలు ముప్పై అయ్యాయి, ముప్పై ఇరవై రెండయ్యాయి. యజమాని రెండు వారాలు ఓపిక పట్టాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ. చదువుతున్నాను."

"చదవడానికి లైబ్రరీ ఉంది. ఉన్నదున్నట్టు కొట్టడమే మన పని. ఆలస్యమైందని ఇంకొక్కళ్ళు వచ్చి గొడవ చేశారంటే వేరే అమ్మాయిని చూసుకోవాల్సొస్తుంది. తర్వాత నన్ననుకోవద్దు."

ఆ కుర్చీ పోతే ఆవిడకి మరో పని చేతకాదు. నిజంగానే భయపడింది. నేర్చుకున్న అర్థాలు మర్చిపోదామని కూడా చూసింది, అవేమో వదిలితేగా. చివరికి ఒక ఉపాయం తట్టింది. ముగింపు ముందే తెలిసిపోతే ఇక ఏమవుతుందోనన్న ఆత్రమే ఉండదు కదా? అందుకని ప్రతి థీసిస్‌నీ చివరి అధ్యాయంతో మొదలుపెట్టి వెనక్కి కొట్టుకుంటూ రాసాగింది. వారం తిరిగేసరికి ముప్పై ఐదు పేజీలకి చేరింది. యజమాని మొహం విప్పారింది.

అప్పుడు వచ్చాడు ఒక పరిశోధకుడు. రోజంతా కూర్చుని పనిచేసే ఆడవాళ్ళ నడుం నొప్పి మీద రాశాడు. మూడు రోజుల్లో కావాలన్నాడు. ఆవిడ ముగింపు ముందు కొట్టింది. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసినా నొప్పిలో సిగ్నిఫికెంట్ తేడా ఏమీ లేదని ఉందందులో. నడుం నొప్పి ఆవిడకీ కొత్త కాదు. ఉసూరుమంది. రెండో రోజు నాలుగో అధ్యాయానికొస్తే, అక్కడి పట్టికలూ వాటి కింది వాక్యాలూ అన్నీ తేడా సిగ్నిఫికెంటే అంటున్నాయి. తన ఇంగ్లీషే తప్పేమోననుకుని, మధ్యాహ్నం తిండి మానేసి కాలేజీకి వెళ్ళి కూతుర్ని అడిగింది. "నువ్వనుకున్నదే రైటమ్మా," అంది కూతురు.

ఉన్నదున్నట్టు కొట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. నోరు తెరిస్తే ఉన్న కుర్చీ ఊడొచ్చు. సాయంత్రం పరిశోధకుడు రాగానే, రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టింది.

"బాబూ, ఇక్కడ తేడా ఉందన్నారు, చివర్లో లేదన్నారు. ఏది కొట్టమంటారు?"

"మీకెందుకక్కా ఇవన్నీ? మా గైడుగారు మూడుసార్లు చదివి సంతకం పెట్టారు."

యజమాని కౌంటరు దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. "ఆవిడ చదవదు సార్, ఏదో పొరపాటున..."

"చదివానండీ," అంది టైపక్క. "లేచి తిరిగినవాళ్ళకి నొప్పి తగ్గిందని మీ పట్టికే చెబుతోంది. రేపు మీ ముగింపు చూపించి ఏ యజమానో మమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వకపోతే?"

ఆయన విసుగ్గా కాగితాలు లాక్కున్నాడు. నిలబడే చదివాడు. తర్వాత స్టూలు జరుపుకుని కూర్చుని మళ్ళీ చదివాడు. మొహం పాలిపోయింది. ముగింపు నిరుడు రాసిందట, యాభై మందిని మాత్రమే అడిగినప్పుడు. ఆ తర్వాత ఇంకో రెండొందల మందిని కలిసి లెక్కలన్నీ మార్చాడు, చివరి అధ్యాయం మార్చడం మర్చిపోయాడు. గైడుగారు మూడుసార్లు ఏం చదివారో ఆయనకే తెలియాలి.

"ఇంకా ఎక్కడెక్కడ పాతది ఉండిపోయిందో," అన్నాడు నీరసంగా. "మిగతాదీ చదివిపెడతారా అక్కా?"

టైపక్క యజమాని వైపు చూసింది. బయట బెంచీ మీద నలుగురు కాచుకుని ఉన్నారు.

"అయితే ఇకనుంచి చదువుతావా, కొడతావా?" అన్నాడు యజమాని.

ఇరవై ఏళ్ళలో ఆవిడ ఆయన మాటకి ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"రెండూ చేస్తానండీ. ఆలస్యమవుతుంది."

యజమాని ఆవిడనీ బెంచీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఏదో గొణుక్కుంటూ పక్క కంప్యూటరు మీది గుడ్డ తీసి, తనే కూర్చుని, బెంచీ మీద మొదటివాడి కాగితాలు అందుకున్నాడు. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు.