పానీపూరీ వీడియోలో నా నవ్వు

మా క్యాబ్ డ్రైవరన్న పోయాడన్న కబురు ఆఫీసు గ్రూపులో, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటోకూ మీటింగ్ లింకుకూ మధ్య వచ్చింది. ఆ గ్రూపుకు ఆస్థాన విదూషకుణ్ణి నేను. ఆ రోజు చేతులు జోడించిన బొమ్మ పెట్టడానికి కూడా నాకు వేలు ఆడలేదు.

మూడేళ్లు నన్ను మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు మోసిన మనిషి. వెనక సీటు వాళ్లు కూడా బెల్టు పెట్టుకుంటే గానీ బండి కదిలించేవాడు కాదు. "జర పెట్టుకోండ్రి సారూ, ఆఫీసు యాడికీ పోదు" అనేవాడు. నా ఉద్యోగం ఊడుతుందేమోనని నేను వణికిన వారంలో, ఏమీ అడక్కుండా రోజూ చాయ్ బండి దగ్గర ఆపాడు. మా మీద అంత శ్రద్ధ ఉన్నవాడు తన బుగ్గలో మాత్రం పొద్దంతా గుట్కా పెట్టుకునేవాడు. ఆ బుగ్గకు నేను 'గోదాము' అని నామకరణం చేశాను. ఆ కార్యక్రమాన్ని ఘనంగానే నిర్వహించాను.

కిందటేడు ఒక సాయంత్రం కొత్తగూడలో అందరం పానీపూరీకి దిగాం. అన్న నోట్లోకి పూరీ పోలేదు. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు.

"నోట్ల పుండయింది సారూ, మానుతలేదు. కారం తాకితే మంట."

"గోదాముకు షట్టర్ పడిందే అన్నా! ఏదీ, ఆ అను!" అంటూ ఫోన్ తీసి వీడియో పట్టాను. పాపం, 'ఆ' అన్నాడు. పూరీ పగిలి చొక్కా మీద పడింది. పడీ పడీ నవ్వాం. బీటెక్ చదివిన నలుగురిలో ఒక్కడు కూడా దవాఖానకు పొమ్మనలేదు.

నాలుగు నెలల తర్వాత తనే వెళ్లాడు. నోటి క్యాన్సరట, అప్పటికే ముదిరిపోయింది. కింది దవడ సగం, లోపలి బుగ్గ, మెడలోని గడ్డలు తీసేసి, కాలి ఎముకా కండా తెచ్చి కొత్త దవడ కట్టారు. చూడ్డానికి వెళితే ఫోన్‌లో టైపు చేసి చూపించాడు: "కాలు నోట్లకొచ్చింది సారూ. ఇగ బువ్వ తింటే వాకింగ్ చేసినట్టే."

నన్ను నవ్వించాలని చూస్తున్నాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఇంకో మాట టైపు చేశాడు: "పానీపూరీ వీడియో ఉందా? నా గొంతు ఇంటదంట బిడ్డ." మాట ఇక మునుపటిలా రాదని డాక్టర్లు చెప్పారట.

వీడియో ఉంది. అందులో నేనూ ఉన్నాను. "ఎతికి పంపిస్త అన్నా" అన్నాను. మరో రెండుసార్లు అడిగాడు. పాత ఫోన్‌లో ఉందన్నాను. అది నా జేబులోనే ఉంది. ఈలోగా జబ్బు మెడలో తిరగబెట్టింది.

అన్న పోయిన పదో రోజున వాళ్లింటికి వెళ్లి, ఇంటర్ చదివే ఆయన కూతురికి వీడియో పంపాను. చూసింది. మళ్లీ చూసింది.

"నాయిన మాట సరిగ ఇనవడ్తలేదు సార్. గట్టిగ నవ్వేటోళ్లు ఎవరు?"

"నేనే" అన్నాను.

ఆ పిల్ల ఫోన్ ఒక చెవికి ఆనించుకుని, రెండో చెవిని అరచేత్తో మూసుకుని, నా నవ్వు కింద తండ్రి మాటను వెతుక్కుంటూ, మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది.