ఇప్పచెట్టు కింద దొరికిన ఓటరు

మొన్న మా ఊరి బడి పంతులమ్మ ఓటర్ల జాబితా సరిచూడటానికి వచ్చి, నా వయసు అడిగింది. "యాభై ఎనిమిదేనా అక్కా? ఇంటికాడనే ఓటేయాలంటే నువ్వింక శానా ఏండ్లు ఆగాల" అని నవ్వింది. నేనూ నవ్వాను. వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు వాసన ముక్కుకు తగులుతుంటే, కిందటి పార్లమెంటు ఎన్నికల నాటి పరుగు గుర్తొచ్చింది.

మా మేనత్తకు అప్పటికి ఎనభై ఏడు. ఓటరు కార్డును గుడ్డలో చుట్టి రేకు డబ్బాలో దాచుకుంది గాని, అంత వయసొచ్చినా ఒక్క ఓటూ వేసి ఎరగదు. సరిహద్దు అడవిలో, పామేడు అవతల ఉన్న మా పల్లెకు బూత్ ఎప్పుడూ రెండు వాగుల ఆవలే పెట్టేవాళ్ళు. ఓటు వేయొద్దని అడవిలోని అన్నలు హెచ్చరించే ఆ రోజుల్లో, వేలికి సిరాతో ఆ దారిన తిరిగి రావడమంటే ప్రాణం మీది మాట. ఆ ఏడు, ఎనభై అయిదు దాటినవాళ్ళు ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చని తెలిసేసరికి, నేనేదో పెద్ద తెలివైనదాన్నయినట్టు ఫారం నింపేసి, చింతపండు గింజ తీస్తున్న అత్త వేలు పట్టుకుని ముద్ర వేయించి పంపేశాను. ఏమిటని ఆమె అడగలేదు, నేను విడమరిచి చెప్పలేదు. తీరా చూస్తే, ఈసారి బూత్ మా ఊరి బడిలోనేనని తెలిసింది. అత్త ఆనందం పట్టలేక పెట్టెలోంచి కొత్తచీర తీసింది. అందరితో పాటు లైన్లో నిలబడతానంది. అప్పుడు చెప్పక తప్పింది కాదు. ఇంటి ఓటుకు ఒప్పుకున్నవాళ్ళ పేరు పక్కన గుర్తు పడుతుంది, బూత్‌కు పోయినా వేయనివ్వరు.

"నడిచే మనిషిని మంచాన పడేసినవ్ గదనే" అంది అత్త. కొత్తచీర మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఓటు వేయించేవాళ్ళు మొదటిసారి మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. తాళం వేసిన పెట్టె, మడతపెట్టిన అట్ట తెర, వీడియో తీసే మనిషి, వెనక పోలీసులు. ఆఫీసరు చెమట తుడుచుకుంటూ "దాదీ కహాఁ హై?" అని హిందీలో అత్త కోసం అడిగాడు. ఇంటి దగ్గర ఓటు కావాలని అడిగిన మనిషి అడవికి పోయిందని నేనెలా చెప్పను? మా వైపు ఒక్కో ఇంటికి ఒక్కో ఇప్పచెట్టు తాతలనాటి నుంచి వస్తుంది. పువ్వు రాలే రోజుల్లో పొద్దెక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే పశువులు తినేస్తాయి. మా చెట్టు అత్తది, ఆమె ఇంకొకరికి వదలదు. ఆఫీసరు ఫారం తిరగేసి చూసి, ఎల్లుండి తొమ్మిదింటికి వస్తామన్నాడు. వాళ్ళలో ఉసూర్ వైపు పంతులొకాయన తెలుగువాడు. "ఎల్లుండి కూడ లేకపోతే మళ్ళ రాం అక్కా. ఆమె ఓటు పోయినట్టే" అని చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు ఇంట్లోనే ఉంటానని అత్త ఒప్పుకుంది. తీరా ఆనాడు తెల్లవారేసరికి ఆకాశం మబ్బు పట్టింది. నేను పొయ్యి రాజేసి, పేడనీళ్ళు చల్లి, తిరిగి చూస్తే గోడకు ఉండాల్సిన పువ్వు గంప లేదు. అప్పటికే ఎనిమిది. నా చేతులారా ఆమె మొదటి ఓటు పోగొడుతున్నానని ఏడుపొచ్చింది. చెప్పులైనా తొడుక్కోకుండా వాగు దాటి పరుగెత్తాను.

అత్త చెట్టు కింద తీరిగ్గా ఏరుకుంటోంది. "వానొస్తే పువ్వు కుళ్ళిపోద్ది. నా కోసం ఆగుద్దా అది?" అంది.

"ఓటు ఆగుద్దా మరి? తప్పు నాదే అత్తా. నిన్ను అడగకుండ చేసిన. కాళ్ళు మొక్కుత, లెవ్వు."

అత్త గంపను నా వైపు జరిపింది. "ఇద్దరం ఏరితే జల్దీ అయితది. వంగు" అంది. వంగాను. అంత వేగంగా నేను జన్మలో ఏరలేదు. తిరుగుదారిలో ఆమె ముందు, నెత్తిన గంపతో రొప్పుతూ నేను వెనక. మేం చేరేసరికి బళ్ళు స్టార్టు చేసి ఉన్నాయి. అత్త నేరుగా పోయి ముందు బండికి అడ్డం నిలబడింది.

అరుగు మీద అట్ట తెర నిలబెట్టారు. పంతులు ఓటు కాగితం మీది పేర్లు చదివి వినిపించి పక్కకు జరిగాడు. నన్ను కూడా అత్త వాకిలి దాటించింది. కవరు అంటించి పెట్టెలో వేశాక, "నువ్వెప్పుడు ఏస్తవ్ నాయనా?" అని ఆయన్నడిగింది. డ్యూటీ మీద ఉన్నవాళ్ళకు వేరే ఏర్పాటుందని, తనూ కవర్లోనే వేస్తానని ఆయన చెప్పాడు. "అయితే మనిద్దరిదీ కాగితపు ఓటే" అని అత్త మురిసిపోయింది. ఆ ముసలి ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు.

పోలింగు రోజు పొద్దున్నే కొత్తచీర కట్టుకుని, నాకంటే ముందు గడప దాటింది. నీది అయిపోయిందిగా అన్నా వినలేదు. బడి ముందు లైన్లో నా పక్కన నిలబడితే పోలీసు ఆపాడు. అత్త నా మోచేయి పట్టుకుని, "నాది అయిపాయె. దీనికి మోకాళ్ళ నొప్పులు, నేనే తోల్కొచ్చిన" అంది. లైనంతా నవ్వింది. ఎర్రబడిన ముఖంతోనే నేను నా మొదటి ఓటు వేశాను.

ఈ ఏడు కూడా అత్త చీకటి విడవకముందే చెట్టు కిందికి పోతోంది. పంతులమ్మ లెక్కన ఆ ఫారం నా చేతికి రావడానికి ఇంకా ఇరవై ఏడేళ్ళున్నాయి. ఆనాటికి నా కోసం వాగు దాటి పరుగెత్తే మనిషిని కాలం నాకు మిగులుస్తుందో లేదో గాని, నేను దొరికే చోటు మాత్రం ఆ చెట్టు కిందే.