నాయన జేబులో కండె

ఊళ్లకు ఫైబర్ కేబుల్ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. బెంగళూరులో నేను డిజైన్ చేసిన రిసీవర్‌ను మా ధర్మవరంలోనే ఒక కేబుల్ ఆఫీసులో బిగిస్తున్నాం. ఫైబర్‌లో వచ్చే వెలుగును అది టీవీ బొమ్మగా మారుస్తుంది. కూతురి పని చూడాలని మా నాయన మగ్గం ఆపి, ఇరుగుపొరుగును వెంటేసుకుని వచ్చాడు.

స్విచ్ వేశాను. బొమ్మ రాలేదు.

"బొమ్మ యాడమ్మా?" అన్నాడు ఆఫీసు యజమాని. నాయన తల దించుకున్నాడు. నేను తీగలన్నీ మళ్లీ సరిచూశాను.

కాసేపటికి గానీ తట్టలేదు. పెనుకొండకు అవతల, హిందూపురం నుంచి వచ్చే వెలుగు కోసం చేసిన రిసీవర్ అది. పరీక్ష కోసమని వెలుగు పంపే ట్రాన్స్‌మిటర్‌ను పక్కనే పెట్టాం. అంత దగ్గరి వెలుగును తట్టుకోలేకపోతోంది. వెలుగును తగ్గించే పరికరమేమో బెంగళూరులో ఉండిపోయింది. ఫైబర్‌ను సన్నటిదాని చుట్టూ బిగువుగా చుడితే కొంత వెలుగు బయటికి పోతుంది.

"నాయనా, జేబులో కండె ఉందా?"

పట్టునూలు చుట్టే ఆ చిన్న గొట్టం మీద ఫైబర్‌ను వరుసగా చుట్టాను. టీవీలో బొమ్మ నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాయన మాత్రం నా వేళ్లనే చూస్తున్నాడు.

"కండెలు చుట్టొద్దనే కదమ్మా నిన్ను సదివిచ్చింది!" అన్నాడు నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ కండెను నేను తిరిగివ్వలేదు. ఆయనా అడగలేదు.