లైటు వెనక తుపాకీ

యుద్ధం జరుగుతున్న రోజులవి. పెళ్లయిన కొత్తలో బెజవాడ నుంచి మైలవరంలోని అత్తవారింటికి వెళ్లాను. మా ఆవిడ అన్నయ్య సుబ్బారావు నన్ను రాత్రిపూట కుందేళ్ల వేటకు తీసుకెళ్లాడు. తుపాకీ ఆయనది, టార్చిలైటు పట్టుకునే పని నాది.

“వెలుగు కళ్లలో పడితే జంతువు కదలదు బావగారూ. మీరు చెయ్యి కదపకండి, చాలు” అన్నాడు.

కొండవార పొదల్లో లైటు తిప్పుతుంటే రెండు కళ్లు మెరిశాయి. నేను చెయ్యి కదపకుండా పట్టుకున్నాను. సుబ్బారావు గురి చూశాడు.

అంతలో ఆ పొదలోంచే ఒక ఆడగొంతు వినిపించింది.

“ఎవరయ్యా ఆ లైటు? కాస్త దగ్గరికి తీసుకురండి. మేక ఈనలేక అవస్థ పడతా ఉంది. చీకట్లో నాకేం కనపడటం లేదు.”

సుబ్బారావు తుపాకీ దించి నేలమీద పెట్టేశాడు. దగ్గరికి వెళితే, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన ముసలమ్మ దాన్ని ఆనుకుని కూర్చుని ఉంది. నేను లైటు పట్టుకున్నాను. సుబ్బారావు మేక తలను ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి పిల్ల బయటపడింది.

దాన్ని కొంగుతో తుడుస్తూ, “దేవుడు పంపినట్టు వచ్చారు నాయనా” అంది ముసలమ్మ.

లైటు వెనకున్న తుపాకీ ఆమెకు కనపడలేదు. ఆమె ఇంకొక్క క్షణం ఆగి పిలిచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.