మొలకెత్తే గింజకు ప్రవేశం లేదు

మెల్‌బోర్న్ విమానాశ్రయంలో, విదేశాల నుంచి దిగే ప్రయాణికుల సామాను తనిఖీ చేసే జీవభద్రతా అధికారిణిగా నా ఆఖరి పోస్టింగు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఏప్రిల్ నెల, ఈస్టర్ సెలవుల మర్నాడు, పొద్దున్న ఆరింటికి మొదలయ్యే షిఫ్టు.

జీవభద్రత అంటే పెద్ద మాటగా వినిపిస్తుంది కానీ, మనవాళ్ళు మమ్మల్ని క్వారంటైన్ వాళ్ళనే అంటారు. ఈ దేశంలో లేని పురుగూ తెగులూ బయటినుంచి రాకుండా చూడటమే మా పని. దిగేవాళ్ళు ఒక కార్డు నింపాలి. తిండి వస్తువులున్నాయా, గింజలున్నాయా, మొక్కలున్నాయా అని ప్రశ్నలుంటాయి. ఉన్నాయని రాసినవాళ్ళు మా బల్ల దగ్గరికి వస్తారు. చెప్పి తెచ్చినవాళ్ళకు జరిమానా ఉండదు, దాచి తెచ్చినవాళ్ళకు ఉంటుంది. నేను బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదివి బాపట్ల నుంచి వచ్చినదాన్ని కనుక తెలుగువాళ్ళు దిగే విమానాలన్నీ నాకే తగిలేవి. ఆ బల్ల దగ్గర నేను చూసినన్ని పచ్చళ్ళు గుంటూరులో కొట్టువాడు కూడా చూసి ఉండడు.

ఆ రోజు నా బల్ల దగ్గరికి వచ్చినాయన పేరు నరసింహాచార్యులు. కృష్ణా జిల్లా. డెబ్బై దాటిన మనిషి, మొదటి విదేశీ ప్రయాణం. ఆగమ పండితుడు. మెల్‌బోర్న్ శివార్లలో వెర్రిబీ నది దగ్గర మేం కొత్తగా కట్టుకున్న గుడికి కుంభాభిషేకం చేయించడానికి వచ్చారు. 'మేం' అనడం ఎందుకంటే ఆ గుడిలో నేనూ సభ్యురాలినే. కార్డులో అన్ని ప్రశ్నలకూ అవును అనే రాశారు. పూజా సామాను అని ఒక్క మాట చెబితే చాలని గుడి కమిటీ వాళ్ళు ఫోనులో చెప్పారట. "అబద్ధమాడి తెచ్చిన గింజ మొలకెత్తుతుందా అమ్మా?" అన్నారు నాతో.

ఆయన మూట విప్పితే తొమ్మిది చిన్న గుడ్డ సంచులు. వడ్లు, గోధుమలు, కందులు, పెసలు, శనగలు, మినుములు, బొబ్బర్లు, నువ్వులు, ఉలవలు. అంకురార్పణకు తెచ్చారు. కుంభాభిషేకానికి ఏడు రోజుల ముందు నవధాన్యాలను పాలలో నానబెట్టి, పాలికలనే మట్టి పాత్రల్లో విత్తుతారు. అవి మొలిచిన తీరును బట్టి కార్యం శుభమో కాదో చెబుతారు. మొలవకపోతే ముందుకు వెళ్ళరు. "ఊళ్ళో రైతుల దగ్గర నేనే ఏరి తెచ్చాను. మా ఇంటావిడ పసుపు నీళ్ళతో కడిగి మూడెండలు ఎండబెట్టింది. ఇంక పురుగూ పుట్రా ఏముంటుంది?" అన్నారు. పసుపుతో సర్వం శుద్ధి అవుతుందని నమ్మే జాతి మనది. అది మా చట్టంలో చికిత్స కింద రాదని నేనే చెప్పవలసి వచ్చింది.

భూతద్దం కింద శనగల్ని పరిచాను. ఒకదానికి సూదిబెజ్జమంత రంధ్రం, అందులో కదులుతున్న తల. ఆయనకూ చూపించాను. కాసేపు చూసి, "వీసా లేకుండా ఇదీ ప్రయాణం చేసి వచ్చిందన్నమాట" అన్నారు.

దారులు కొద్దే. వెనక్కి పంపించడం, నాశనం చెయ్యడం. కొన్ని రకాలకు కిరణాల చికిత్స ఉంది. ఆ చికిత్స అయ్యాక మొలకెత్తుతాయా అని ఆయన అడిగారు. మొలకెత్తవని, అసలు ఆ చికిత్స ఉద్దేశమే అదని చెప్పాను. అయితే అవి గింజలు కావు, రాళ్ళు అన్నారు. ఆయనకు కావలసిందల్లా మొలకెత్తే గింజ. మేం ఆపవలసింది కూడా సరిగ్గా దాన్నే.

నేను ఆ గుడి సభ్యురాలినన్న సంగతి మా సూపర్‌వైజర్ హెలెన్‌కు చెప్పడం నా విధి. చెప్పాను. కావాలంటే వేరే అధికారి చూస్తారంది. అక్కర్లేదు, నేనే రాస్తాను, నువ్వు పరిశీలించి సంతకం చెయ్యి అన్నాను. అలాగే జరిగింది. తొమ్మిది సంచులూ సీలు వేసిన సంచిలోకి వెళ్ళాయి. ఆచార్యులుగారు కోపగించుకోలేదు. "అంకురార్పణకు ఇంకా పన్నెండు రోజులుంది. నన్నేం చెయ్యమంటావు తల్లీ?" అని మాత్రం అడిగారు. అన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను విని ఉండను.

మధ్యాహ్నానికి ఫోను. కమిటీ అధ్యక్షుడు రామ్మోహన్. కరీంనగర్ వాడు, ఐటీలో పెద్ద ఉద్యోగం. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా నన్ను ఆంటీ అంటాడు. ఈ దేశపు తెలుగువాళ్ళలో ఆంటీ అనిపించుకోవడానికి వయసుతో పనిలేదు.

"ఆంటీ, మీరు అక్కడ ఉండంగ గిట్లెట్ల అయింది? కమిటీల అందరు నన్నే అడుగుతున్నరు. టూ హండ్రెడ్ ఫ్యామిలీస్‌కి ఇన్విటేషన్లు పోయినయ్. మన దేవుని కంటె ఈ కంట్రీ మీదనే ఎక్కువ లాయల్టీనా మీకు?"

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయి ఫోను పెట్టేశాను. సాయంత్రానికి గుడి వాట్సాప్ గుంపులో ఎవరో పెట్టారు, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత, మన దగ్గర పూజారి ఇద్దామన్నా క్వారంటైన్ ఆంటీ ఇవ్వదు అని. దాని కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా.

జనవరి ఇరవై ఆరు అక్కడ గణతంత్ర దినం, ఇక్కడ ఆస్ట్రేలియా దినం, రెండు దేశాలకూ పండగే కదా. ఆ రోజు మా గుడి ఆవరణలో రెండు జెండాలూ ఎగరేస్తాం, ఒకే బల్ల మీద జిలేబీ, ఇక్కడివాళ్ళ కొబ్బరి ల్యామింగ్టన్ కేకూ పంచుతాం. ఆ పూట దేశభక్తి ఎవరికీ తక్కువ ఉండదు. మిగతా రోజుల సంగతే తేడా. నా వరకు దేశభక్తి అంటే ఇరవై రెండేళ్ళుగా పరాయివాళ్ళ సంచుల్లో పురుగులు వెతకడం. పౌరసత్వం పుచ్చుకున్న రోజు నోటితో అన్న మాటను చేత్తో చెయ్యడం. అందుకు దేవుడు కోపిస్తాడని నేను అనుకోలేదు. కానీ కుంభాభిషేకం ఆగిపోతే ఆ నింద నా తల మీద, నా సర్వీసు మొత్తం మీద ఉండిపోతుంది. అందుకు మాత్రం భయపడ్డాను.

మర్నాడు నా వారపు సెలవు. గుడికి వెళ్ళేసరికి రామ్మోహన్ బల్ల మీద తొమ్మిది గిన్నెలు పెట్టుకుని ఉన్నాడు. ఇండియన్ కొట్టులో తొమ్మిది ప్యాకెట్లు కొని రాత్రే నానబోశాడట. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, పొట్టు తీసిన మినపగుళ్ళు. మినపగుళ్ళు మొలకెత్తితే నేను రిటైర్మెంటు మానేస్తానన్నాను. పాపం, ప్రోగ్రాములు రాసేవాడికి పప్పుకూ గింజకూ తేడా ఎవరు చెప్పారు?

ఆచార్యులుగారిని ఒక సంగతి అడిగాను. అంకురార్పణకు మట్టి ఎక్కడి నుంచి తెస్తారని. గుడి కట్టిన చోటినుంచే తవ్వి తేవాలి, అదే విధి అన్నారు. మట్టి ఈ దేశానిది కావాలన్నప్పుడు గింజ ఆ దేశానిదే కావాలని ఎక్కడుందని అడిగాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి గ్రంథాలు తిరగేస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చి, "గింజ ప్రాణంతో ఉండాలన్నారు. పుచ్చు ఉండకూడదన్నారు. మొలవాలన్నారు. ఏ దేశంలో పండాలో చెప్పలేదు. ఆ సంగతి చూడనైనా చూడకుండా గింజల్ని ఇంత దూరం మోసుకొచ్చాను" అన్నారు. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకున్న పండితుణ్ణి అంతకు ముందు నేను చూడలేదు.

నేను మూడు రోజులు సెలవు పెట్టాను. ఇక్కడే పండిన గింజల కోసం రామ్మోహన్ కారు తీశాడు. ఆచార్యులుగారు ముందు సీటు, నేను వెనక. మొదటి వంద కిలోమీటర్లు నేనూ రామ్మోహన్ పలకరించుకోలేదు. మధ్యలో ఆచార్యులుగారే ఇద్దరితోనూ మాట్లాడుతూ వచ్చారు. గోధుమ పండే విమ్మెరా మైదానంలో నిలువెత్తు ధాన్యపు గాదెల మీద వేసిన రంగుల బొమ్మలు చూసి కారు ఆపించారు. వీళ్ళు ధాన్యపు గాదెకే గోపురం కట్టుకున్నారే, మంచి భక్తే అన్నారు. ఆ వైపు పొలాల్లోనే గోధుమలు, శనగలు దొరికాయి.

అక్కడినుంచి ఉత్తరంగా మర్రీ నది దాటి, వరి పండించే రివరీనాకు. ఆ ప్రాంతంలోకి వరికి సంబంధించినవి ఏవీ తీసుకెళ్ళకూడదు, బయటికి తేవచ్చు. ఫోను చేసి ముందే రూఢి చేసుకున్నాను. రైతు పేరు కెవిన్. తాత నాటి నుంచీ వరే. పొలంలో అడుగు పెట్టకముందే మా ముగ్గురి బూట్లూ మందునీళ్ళలో కడిగించాడు. ఈ దేశంలో రివాజు అది, ఒక పొలం మట్టి ఇంకో పొలానికి అంటకూడదు. ఆచార్యులుగారికి ఎంత సంతోషమో. "మడి అంటే ఇదేనమ్మా. మావాళ్ళు ఊరికే ముట్టుకోవద్దంటారు, ఎందుకో మరిచిపోయారు" అన్నారు.

అప్పుడే కోసిన వడ్లు కొన్నాళ్ళు నిద్రలో ఉంటాయి, వెంటనే మొలవవు. అందుకని నిరుటి విత్తనం అడిగాను. కెవిన్ నా వంక ఒకసారి ఎగాదిగా చూసి గాదె తెరిచాడు. రామ్మోహన్ అతనికి విషయమంతా ఇంగ్లీషులో చెప్పాడు. వానల కోసం మేమూ చర్చిలో ప్రార్థిస్తాం, ఇదీ అలాంటిదే కదా అని, దోసెడు అడిగితే కుంచెడు పోశాడు కెవిన్. మొలిచాక ఫోటో పంపమన్నాడు. తిరుగు దారిలో రామ్మోహన్ అద్దంలోంచి నన్ను చూసి, "ఆంటీ, ఆ రోజు నేను ఎక్కువ మాట్లాడిన. సారీ" అన్నాడు. నేనూ ఫోను అలా పెట్టెయ్యకుండా ఉండాల్సింది అన్నాను.

మిగతా ఆరు రకాలు ఫోను మీద వెతికితే, క్వీన్స్‌లాండ్‌లో ఒక విత్తనాల వ్యాపారి దగ్గర దొరికాయి. పెసలు, మినుములు, నువ్వులు, బొబ్బర్లు, కందులు సులువే. ఉలవలే తిప్పలు పెట్టాయి. అక్కడ పశువుల మేతకు విత్తుతారని తెలిసి అడిగితే, ఎన్ని టన్నులు కావాలన్నాడాయన. అరకిలో అన్నాను. నవ్వి కొరియర్ చేశాడు.

అంకురార్పణకు నాలుగు రోజుల ముందు ఒక్కో రకం నుంచి పాతికేసి గింజలు తడి కాగితంలో చుట్టి పరీక్ష పెట్టాను. మెల్‌బోర్న్‌లో అప్పటికే చలి దిగింది కనుక వాటిని హీటరు పక్కన ఉంచాను. ఎనిమిది రకాలు చక్కగా వచ్చాయి. ఉలవలు మాత్రం పాతికలో అయిదే. అప్పుడు కాలేజీలో నేర్చుకున్నది గుర్తొచ్చింది. ఉలవకు పెంకు గట్టి, నీరు లోపలికి పోదు. గరుకు కాగితంతో పెంకును కాస్త రుద్దితే చాలు. కానీ పూజకు పెట్టే గింజను రుద్దవచ్చునా? ఆచార్యులుగారు ఆలోచించి, గింజకు దెబ్బ తగలకూడదు, నిద్ర లేపితే తప్పులేదన్నారు. ఆయనా నేనూ కూర్చుని ఉలవల్ని ఒక్కొక్కటే రుద్దాం. మళ్ళీ పరీక్ష పెట్టే వ్యవధి లేదు.

అంకురార్పణ జరిగింది. యాగశాల టెంటులో నాలుగు హీటర్లు పెట్టించి, ఒక థర్మామీటరు వేలాడదీశాను. నేను డ్యూటీకి వెళ్ళిపోయాను కానీ మనసంతా పాలికల మీదే. మూడో రోజు నువ్వులు, పెసలు వచ్చాయన్నారు. నాలుగో రోజు పొద్దున్న నేను బల్ల దగ్గర ఉండగా రామ్మోహన్ ఫోను. "ఆంటీ, తొమ్మిదికి తొమ్మిది లేచినయ్. ఉలవలైతే మస్తు లేచినయ్. అయ్యగారు తెల్లగ, నిటారుగ ఉన్నయి, ఉత్తమం అన్నరు." నేను హెలెన్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో కానీ గట్టిగా చేయి కలిపింది.

కుంభాభిషేకం నాడు ఇసుక వేస్తే రాలనంత జనం. వచ్చిన రోజు నుంచీ అలవాటు కొద్దీ సంకల్పంలో కృష్ణా తీరమే చెబుతూ వచ్చిన ఆచార్యులుగారు, ఆ పూట కంఠమెత్తి "ఆస్ట్రేలియా ఖండే, వెర్రిబీ నదీ తీరే" అన్నారు. జనం ఒక్కసారి తలలెత్తారు. అభిషేకం అయ్యాక మైకులో, ఈ మొలకలు ఈ నేల బిడ్డలు, వీటిని వెతికి తెచ్చింది మనల్ని ఆపిన అమ్మే అని నన్ను చూపించారు. వాట్సాప్‌లో సామెత పెట్టినవాడు కూడా చప్పట్లు కొట్టాడు. నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవలసిన అవసరం కనిపించలేదు. కెవిన్‌కు ఫోటో పంపితే, మా వడ్లే అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నాయని జవాబిచ్చాడు. అది నిజమే.

రిటైరయ్యేలోగా ఆ తొమ్మిది రకాలూ ఎక్కడ దొరుకుతాయో, ఏది ఎలా పరీక్షించాలో ఒక కాగితం మీద రాశాను. హెలెన్ అనుమతితో మా బల్ల దగ్గర ఉంచాం. పక్క రాష్ట్రంలోని స్కోఫీల్డ్స్ వైపు గుళ్ళవాళ్ళు కూడా అడిగి తీసుకున్నారు. ఆచార్యులుగారు మరుసటి ఏడు ఇంకో గుడి పని మీద వచ్చి నా బల్ల ముందు సంచి బోర్లించి చూపించారు. పంచెలూ, పుస్తకాలూ తప్ప ఏమీ లేవు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు కాదనడం నేర్పారు. ఎందుకు కాదో మర్యాదగా వివరించడం కూడా నేర్పారు. ఆ ప్రయాణికుడు మరి ఏం చెయ్యాలో చెప్పడం మాత్రం మాన్యువల్‌లో లేదు. ఇరవై రెండేళ్ళు నేను సగం ఉద్యోగమే చేశానని, మిగతా సగం ఆ పన్నెండు రోజుల్లో చేశానని ఇప్పుడు అనుకుంటాను.