ఒలిచేసిన విత్తనం, మిగిలిపోయిన కథ

నేను కూర్చుని నవల చదవలేను. పుస్తకం చేత్తో పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరుగుతూ చదువుతాను. మా ఇంట్లోవాళ్లు చూసి నవ్వుతారు. అందులోనూ నేను చదివేవన్నీ మంచిగా ముగిసే నవలలు. ఎవరో పోతారు, ఇల్లు చెదిరిపోతుంది, ఒక స్నేహితురాలు చెయ్యి అందిస్తుంది, చివర్లో ఏదో ఒక దుకాణమో బడో తెరుస్తారు. "చివర ఏమవుతుందో తెలిసే కదా చదివేది, మళ్లీ ఆ తిరుగుడెందుకు?" అంటారు. తెలిసినా నాకు కాలు నిలవదు. ఈ జబ్బు కర్ణాటకలోని పావగడ పక్క మా ఊర్లో, శనక్కాయలు ఒలిచే పందిట్లో పట్టుకుంది.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. మాకు శనక్కాయ తప్ప వేరే పంట తెలియదు, కరువు తప్ప వేరే కాలం తెలియదు. హైస్కూలు అయిపోయి ఇంట్లో పడి ఉన్నాను. పెళ్లి మాట ఎత్తితే కరువు అడ్డమొచ్చేది, చదువు మాట ఎత్తితే అమ్మ అడ్డమొచ్చేది. పొద్దున లేచినప్పటి నుంచి ఏదో కావాలి నాకు, అదేమిటో తెలియదు. మంగళవాడ వైపు పోయే బస్సు మోత వినిపిస్తే చాలు, ఎక్కడికో పోవాలనిపించేది. ఎక్కడికని అడిగితే మాత్రం చెప్పలేను.

ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది మా వదిన వల్లే. మా అన్న భార్య, మడకశిర పక్క పిల్ల. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది కన్నడం, తెలుగు అక్షరాలు నాకు రావు. వదిన కాపురానికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో చీరల కింద నవలలు దాచి తెచ్చుకుంది. వారపత్రికల్లోని సీరియళ్లు చించి, గోతాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో తానే కుట్టుకున్న పుస్తకాలు. కన్నడం వచ్చినదానికి తెలుగెంతసేపు అని పొయ్యి దగ్గర నేల మీద బొగ్గుతో రాసి నేర్పించింది. "ఆ తర్వాత ఏమైంది వదినా" అని నేను ఆమె ప్రాణం తీసేదాన్ని. "నువ్వే చదువుకో పో" అనేది తప్ప కథ చెప్పేది కాదు. అలా పేజీ పేజీకి కొట్లాడుకుంటూనే స్నేహితులమయ్యాం.

తర్వాత మా అన్న బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. వదిన ట్రంకు పెట్టెకు తాళం వేసేసింది. మాట్లాడటం మానలేదు గానీ అవసరమైనంత వరకే. వంట, నీళ్లు, గొడ్లు, అంతే.

అన్న పోయేముందు తన ఆఖరి పంటలోంచి విత్తనం కాయ ఏరి పెట్టిపోయాడు. గట్టి కాయలుగా చూసి ఎండబెట్టి, గోతాలకెత్తి, వేపాకు వేసి, మూతులు కుట్టి లోపలి గదిలో రాళ్ల మీద పేర్చాడు. ఆ మూటలు వదినవని, వంక అవతలి చేను కూడా వదినదేనని మా నాయన అందరి ముందూ చెప్పాడు.

నాలుగు నెలలు పోయాక వదిన వాళ్లన్న వచ్చాడు. మంచి మనిషి. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా నాకు కుదరలేదు. అరుగు మీద కూర్చుని మా నాయనతో, "ఈ రాళ్ల చేన్లో అదొక్కటే ఏం చేస్తాది మామా? కాయ అమ్మేసి పిల్చుకపోతా. హిందూపురంలో కుట్టుమిషను నేర్పిస్తాండారు. దాని బతుకు అది చూసుకుంటాది" అన్నాడు.

తలుపు చాటు నుంచి వదినే మాట్లాడింది.

"ఈ ఒక్క పైరు చూస్తా అన్నా. ఆయప్ప ఏరిపెట్టిన ఇత్తనం అది. భూమిలో పడితే ఈడనే ఉంటా. పడకపోతే నీ ఎంట వస్తా."

ఆయన సరేనన్నాడు. విత్తే అదునైన ఆరుద్ర కార్తె పోయాక వస్తానని చెప్పి బస్సెక్కాడు. ఆమె పోతే నేనేమైపోతానో ఎవరూ అడగలేదు. అన్న పోయినప్పుడు వచ్చిన ఏడుపు నాకప్పుడు రాలేదు, కోపమొచ్చింది. వాన మీద, అన్న మీద, ఎప్పుడూ చూడని ఆ హిందూపురం కుట్టుమిషను మీద కూడా.

విత్తనం కాయను మిషన్లో వేయరు, గింజ పగులుతుంది. చేత్తోనే ఒలవాలి. ఇంకో సంగతేమిటంటే, కాయలో ఉన్నంతకాలం గింజ భద్రం. ఒలిచాక ఎక్కువ రోజులు ఆగదు, పురుగు పడుతుంది, వేడికి మొలక చచ్చిపోతుంది. అందుకే మా వైపు ఎండాకాలంలో కొంత ఒలిచిపెట్టుకుని, మిగిలింది మబ్బు పట్టాక ఒలుస్తారు. ఇది మా ఊర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఎండలు ముదిరాక మా పందిట్లో ఒలుపుడు మొదలైంది. వీధిలో ఆడవాళ్లంతా చాటలు తెచ్చుకుని వచ్చారు. మా అమ్మకు ఎప్పుడూ ఒకటే బెంగ, ఒలిచేవాళ్లు గింజలు నమిలేస్తారని. అందుకని ప్రతి ఏడూ పాటలు పాడించేది. నోరు పాటకు పోతే గింజకు పోదని ఆమె నమ్మకం. కానీ చావు జరిగిన ఇంట్లో పాడటానికి ఆ ఏడు ఎవరికీ నోరు రాలేదు. పందిరంతా నిశ్శబ్దంగా ఉంది, దవడలు మాత్రం ఆడుతున్నాయి. అమ్మ ఒక్కొక్క దవడనే చూస్తూ కూర్చుంది.

ఆ గుంపులో పళ్లు సగం ఊడిన ఒక అవ్వ ఉండేది. ఒలవడంలో అందరికంటే ముందు, ఆ సగం పళ్లతోనే నమలడంలోనూ ముందే. ఆమెకు నా తిరుగుడు చూసి విసుగొచ్చింది.

"ఏంది పాపా, కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు. ఏదన్నా కత చదవరాదా."

నేను వదిన వైపు చూశాను. అందరికీ వీపు పెట్టి గోడ వైపు తిరిగి ఒలుచుకుంటోంది. నడుముకున్న తాళంచెవి తీసి, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపింది.

అమ్మ అడ్డం పడింది. "చదివేది నువ్వొక్కదానివే. ఈళ్ల నోళ్లు ఖాళీగానే ఉంటాయి గదా?" అంతలో తనే దారి కనిపెట్టింది. "అందరూ మాట మాటకీ ఊ కొట్టల్ల. ఊ వినపడకపోతే కత నిలిపేస్తాది మా పాప."

అలా మొదలైంది. కథలో ఇద్దరు స్నేహితురాళ్లు. ఒకామెకు మొగుడు పోతాడు. చంటిబిడ్డను ఎత్తుకుని సముద్రం ఒడ్డున ఉండే రెండో ఆమె దగ్గరికి వస్తుంది. ఇద్దరూ కలిసి టిఫిన్ల హోటలు పెట్టాలనుకుంటారు. నేను పందిట్లో తిరుగుతూ చదివేదాన్ని, వాళ్లు నేను ఎటు పోతే అటు తలలు తిప్పి ఊ కొట్టేవాళ్లు.

"ఆ ఊర్లో దినమూ వానేనా పాపా?" అని అవ్వ అడిగింది.

"సముద్రం పక్క గదా అవ్వా."

"అంత వాన పెట్టుకొని ఆ తల్లికి ఏడుపేంది మళ్లా?"

అందరూ నవ్వారు. ఆ పందిట్లో ఏడాది తర్వాత వినిపించిన నవ్వు అది. వదిన నవ్వలేదు, ఊ కూడా అనలేదు. అమ్మ ఆమెను అడగనూ లేదు. ఒక్కోచోట మాత్రం ఆమె వేళ్ల మధ్య కాయ చిట్లకుండా ఆగిపోయేది. అది నేను చూస్తూ ఉండేదాన్ని.

రోజురోజుకూ ఆడవాళ్లు ముందుగా రావడం మొదలుపెట్టారు. కథ ఊపందుకుంటే చేతులూ ఊపందుకునేవి. పొద్దువాలి నేను పుస్తకం మూయబోతే, "ఇంగొంచెం చదువు, ఇంగొక చాటెడు ఒలుస్తాం" అని బతిమాలేవాళ్లు. ఊ కొట్టాలి కాబట్టి నమలడం కూడా తగ్గింది. అమ్మ మురిసిపోయింది. ఆమె నోళ్లు చూసింది, నేను పేజీలు చూశాను. మూటల వైపు ఎవరమూ చూడలేదు.

కథలో హోటలు రేపు తెరుస్తారనగా అత్త వస్తుంది. వాకిట్లో నిలబడి, మనవణ్ణి తీసుకుని తన వెంట ఊరికి వచ్చేయమంటుంది. సరిగ్గా అక్కడ చదువుతుండగా మా నాయన పలుపుతాడు కోసం లోపలి గదిలోకి పోయి, ఖాళీ గోతాలు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"కాయ యాడ?"

ఆయన చాటల్లోకి చూశాడు, తొక్కల కుప్ప వైపు చూశాడు, తర్వాత పైకి చూశాడు.

"అంతా ఒలిచేసినారా? మబ్బు తునక లేదే. ఎవురు ఒలవమన్నారు?"

దానికి ఊ కొట్టేవాళ్లు లేకపోయారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే చాటలు దులుపుకుని లేచారు. కథ కోసం విత్తనం కాయంతా ఒలిచేసుకున్న ఇల్లు మా తాలూకాలో ఇంకొకటి ఉండదు. నా తప్పేమీ లేదని ఇప్పటికీ వాదిస్తాను. నేను చదివాను, ఒలిచింది వాళ్లు.

రోహిణి ఎండలు పోయాయి. మృగశిరలో గాలి వచ్చింది, వాన రాలేదు. వదిన గింజలను చల్లటి గదిలో పరిచి, తిప్పి పోసి, పుచ్చులు ఏరి పారేసేది. ఏరినప్పుడల్లా కుప్ప తగ్గేది. నేను మిద్దె ఎక్కి పడమర చూసి దిగేదాన్ని, మళ్లీ ఎక్కేదాన్ని. తిన్నది ఒంటబట్టలేదు. వానొచ్చిందా అని ఎవరైనా అడిగితే కొట్టినంత పని చేసేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక పుస్తకం మిద్దె మీదికి తీసుకుపోయి మిగిలిన కథ ఒక్కదాన్నే చదివేశాను. ఆమె అత్తతో పోదు. హోటలు తెరుస్తుంది. తెరిచిన రోజు వాన కూడా పడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. రాసినామె ఎవరో గానీ తీసుకొచ్చి మా మిద్దె మీద మిట్టమధ్యాహ్నం కూర్చోబెట్టాలనిపించింది. పుస్తకం విసిరికొట్టి కిందికి దిగాను. ఎండకు కాగితాలు పెళుసెక్కుతాయని మళ్లీ పోయి తెచ్చుకున్నాను.

ఆరుద్ర కూడా పోయింది. మాట ప్రకారం వదిన వాళ్లన్న మొదటి బస్సుకే వచ్చాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. వదిన చీరలు సర్దుకుంటుందేమోనని నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను. నన్ను పక్కకు జరిపి ఆమె బయటికి వచ్చింది. చేతిలో ట్రంకు పెట్టె లేదు. తడి గోనెగుడ్డ మూట ఉంది. నీళ్ల కడవ వెనక ఎప్పుడు పెట్టిందో నేను గమనించనే లేదు. అన్న ముందు కూర్చుని విప్పింది. లోపల గుప్పెడు గింజలు. కొన్ని మెత్తబడి కుళ్లిపోయాయి. మిగిలినవాటికి తెల్లగా మొలకలు వచ్చాయి.

"చూడన్నా, బతికే ఉండాది."

"మొలిచింది సరేమ్మా. వాన యాడ?"

"వస్తాది."

"పడకపోతే నా ఎంట వస్తానంటివి గదా?"

"అంటి. ఇంగా పడలేదు, అంతే. ఇది బతికున్నన్నాళ్లూ నేను యాడికీ రాను."

ఆయన మొలకొచ్చిన గింజ ఒకటి తీసి నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మధ్యాహ్నం ముద్ద తిని సాయంత్రం బస్సుకు ఒక్కడే పోయాడు. నేను బస్సు దాకా సాగనంపి, తిరిగి వచ్చేటప్పుడు దారంతా పరుగెత్తాను.

వాన ఆరుద్ర తర్వాతి పునర్వసు కార్తెలో పడింది. కథలో పడినట్టు అడిగిన రోజు పడలేదు, ఒక మధ్యాహ్నం ఎవరూ చూడనప్పుడు పడింది. ఆ పైరు గొప్పగా పండిందని చెప్పను. చాలాచోట్ల మొలక రాలేదు, వచ్చినచోట కాయ సగమే నిండింది. వదిన మాత్రం పోలేదు. మరుసటి ఏడు వాళ్లన్నే ఒక కుట్టుమిషను బస్సు మీద వేసి పంపించాడు. కానీ నాకు తలుచుకోవాలనిపించేది విత్తిన రోజు.

వంక అవతలి చేన్లో నాగళ్లు కట్టారు. ఒక్కో నాగలి వెనక ఒక్కో ఆడమనిషి ఒడిలో గింజలు కట్టుకుని సాలులో వేసుకుంటూ పోవాలి. మొదటి సాలు ముత్తైదువ వేయడం మా వాళ్ల ఆచారం. అమ్మ చాట తీసుకుని నేరుగా వదిన దగ్గరికి వచ్చింది. కొంగు లాగి, ఒడి చేసి, గింజలు పోసి, ముడి వేసింది.

"ఏందమ్మా, మొదటి సాలుకు ఈ పాపనా..." అని అవ్వ గొణిగింది.

"కతకు ఊ కొట్టినావు గదా. దీనికీ కొట్టు" అంది అమ్మ.

అవ్వ అమ్మను చూసింది, వదినను చూసింది. "ఊ" అంది.

నాగళ్లు కదిలాయి. ముందు వదిన, ఆమె వెనక నేను, నా వెనక మిగిలినవాళ్లు. కాసేపటికే వెనక దవడలు ఆడుతున్న చప్పుడు. గట్టు మీద నుంచి అమ్మ కేక వేసింది. "ఆ మిగిలిన కత చెప్పవే. లేకపోతే ఇత్తనమంతా ఈళ్ల కడుపులో పడతాది."

చేతిలో పుస్తకం లేదు. చదివింది గుర్తు చేసుకుంటూ, తడి మట్టిలో నడుస్తూ, గింజలు వేస్తూ చెప్పాను. అత్త వాకిట్లో నిలబడిందని చెప్పాను. వెనక నుంచి ఊ అన్నారు. బిడ్డను ఎత్తుకుని ఆమె బయటికి వచ్చిందని చెప్పాను. ఊ అన్నారు. నేనెక్కడికీ రాను, ఇక్కడే ఉంటానని అత్తతో చెప్పిందన్నాను.

ఈసారి ఊ ముందు నుంచి కూడా వచ్చింది. కథకు వదిన ఊ కొట్టడం అదే మొదలు. వంగిన వీపు అలాగే ఉంది, చెయ్యి గింజలు వేస్తూనే ఉంది. చెప్పేది మరిచిపోయి ఆ వీపు వైపే చూస్తూ నడిచాను.

"నిలిపేస్తివేంది పాపా?" అంది వదిన, తిరక్కుండానే. "ఆ తర్వాత ఏమైంది?"