మా గేటు ముందు షూటింగు టెంటు

గుణదలలో మా ఇల్లు సినిమావాళ్ళకి అద్దెకిచ్చినప్పటి నుంచి సొంతింట్లోనే అడిగి అడుగు వేయాల్సి వస్తోంది. ఈ రోజు చావు సీను. గేటు ముందు టెంటు కట్టారు, కుర్చీలు వేశారు, తెల్లబట్టల్లో జనాన్ని కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం మా అత్తగారి అక్క కంకిపాడు నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. ఆటో దిగి టెంటు చూడగానే గేటు దగ్గరే కూలబడి, "నాకు చెప్పకుండా పోయావేంట్రా నాయనా" అని మా ఆయన పేరు పెట్టి ఏడుపు అందుకుంది.

మా ఆయన లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, నేను బానే ఉన్నా" అన్నారు. అసిస్టెంట్ డైరెక్టరు ఆయన్ని పక్కకి జరిపాడు.

"మీరు ఫ్రేములోకి రాకండి సార్. అమ్మగారూ, చాలా సహజంగా ఉందండీ, ఇంకొక్కసారి అలాగే ఏడవండి."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "బతికున్నోడి కోసం రెండోసారి ఏడవకూడదు బాబూ" అంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, గుప్పెడు ఉప్పు తెచ్చి, లైట్లన్నీ వెలుగుతుండగానే మా ఆయనకి దిష్టి తీసింది.

టెంటు రేపు కూడా ఉంటుందట. అందుకే చుట్టాలందరికీ మనవి: వచ్చేముందు ఒక ఫోన్ చెయ్యండి. మేమంతా బతికే ఉన్నాం, అలిసిపోయాం అంతే.